కారు రంగుకు రక్షణ పూత అవసరమా?

కొత్త కారు కొనువారితో, రంగు చెడకుండ రక్షణపూత వేయించుకొమ్మని విక్రేతలు చెప్పుట కలదు. ఆ ఖర్చు సార్థకమేనా?

ముందుగా రంగు నిర్మాణమును చూతము. ఉక్కు రేకుపై ఫాస్ఫేటు పొర, తుప్పు నాపు ప్రైమరు, రంగుపొర, అన్నింటికి పైన పారదర్శకమైన పాలిమరు పొర ఉండును. వీని మొత్తము మందము సుమారు 100 మైక్రాన్లు, అనగా మిల్లీమీటరులో పదవవంతు. పైపొర ఒక్కటే దాదాపు 40 మైక్రాన్లుండును. అతినీలలోహిత కిరణములను పీల్చుకొను పదార్థములు అందులో కర్మాగారముననే కలుపబడును. కనుక కొత్తకారుకు రక్షణ ముందే కలదు.

విక్రేత వేయించు సిలికా పూత మందము సాధారణముగా ఒకటి రెండు మైక్రాన్లే. దానిపై నీరు తామరాకుపై వలె బిందువులై జారును. మురికి సులభముగా వదలును. ఈ ప్రయోజనము నిజమే. కాని నీరు జారుట ఉపరితల శక్తి తగ్గినదనుటకు గుర్తేగాని, పూత గట్టిదనుటకు కాదు. ఎగిరివచ్చు గులకరాతిని ఇంత పలుచని పొర ఆపజాలదు. అందులకు సుమారు 150 మైక్రాన్ల పాలియురిథేను ఫిల్ము కావలెను. ఇక పెనముపై టెఫ్లాన్ అంటుకొనుటకు 327 డిగ్రీల సెల్సియసును మించిన వేడి అవసరము. కారు రంగు అంత వేడి కోర్వదు.

కావున నీడన నిలుపుట, పక్షిరెట్టను వెంటనే కడుగుట, అప్పుడప్పుడు మైనము పూయుట చాలును. పూత కొనదలచినవారు దాని మందమెంతయో, అది ఎన్నాళ్లు నిలుచునో ముందుగా అడుగవలెను.