చవక షేరు – ఎండిన బోరు

షేరు అంటే ఏమిటో మొదట తెలుసుకుందాం. మా ఇంట్లో వేరుశనగ కాయలు అమ్మితే వచ్చిన డబ్బులో ముందు బ్యాంకు అప్పు, ఎరువుల అంగడి బాకీ, కూలీలు పోతాయి. ఆ తర్వాత మిగిలిందే మాది. కంపెనీలో షేరు కొన్నవాడి స్థానమూ సరిగ్గా ఇదే. లాభానికి హద్దు లేదు గానీ, నష్టం వస్తే మొదటి దెబ్బ అతనికే.

ఈ మధ్య హాస్టళ్లలో ఫోన్ల మీదనే షేర్లు కొంటున్నారు. "మూడు వందల షేరు పదికొచ్చింది, ఇంకేం పడుతుందిరా!" అనే మాట తరచు వింటున్నాను. ఈ మాటలోని ప్రమాదం ఏమిటో బిగ్ బజార్ కథ చెబుతుంది.

2001లో కలకత్తా, బెంగళూరు, హైదరాబాదుల్లో కిశోర్ బియానీ ప్రారంభించిన ఈ దుకాణాలు దేశమంతా పాకాయి. 2016లో మన హెరిటేజ్ ఫుడ్స్ కూడా తన దుకాణాలను బిగ్ బజార్ నడిపే ఫ్యూచర్ రిటైల్‌కు ఇచ్చి, బదులుగా ఆ కంపెనీ షేర్లే తీసుకుంది. 2020 ఆరంభంలో మూడు వందలు దాటిన ఆ షేరు 2022లో పది రూపాయల లోపుకు దిగింది.

కారణం కష్టమైనదేమీ కాదు. బేరం తగ్గినా అద్దె, జీతాలు, వడ్డీ ఆగవు. డబ్బు అందకపోతే సరుకు పంపేవారు అరువు ఆపేస్తారు. అరలు ఖాళీ అవుతాయి; ఖాళీ అంగడికి ఎవరొస్తారు? కరోనా దీన్ని త్వరపెట్టింది. 2020 ఆగస్టులో రిలయన్స్ 24,713 కోట్లకు ఫ్యూచర్ వ్యాపారాలు కొంటుందని ప్రకటన వచ్చింది. అమెజాన్ అడ్డం తిరిగి కేసులు వేసింది. అద్దె బాకీపడ్డ దుకాణాలెన్నో 2022 ఫిబ్రవరిలో రిలయన్స్ చేతికి పోయాయి. ఏప్రిల్‌లో అప్పులిచ్చినవారు ఒప్పుకోక బేరమే చెడింది. జులైలో దివాలా విచారణ మొదలైంది. 2024లో కంపెనీ ఆస్తులు అమ్మివేయమని ఉత్తర్వు వచ్చింది.

2016 నాటి దివాలా చట్టం ప్రకారం అమ్మగా వచ్చిన సొమ్ములో ముందు విచారణ ఖర్చులు, తర్వాత తాకట్టు పెట్టుకున్న బ్యాంకులు, కార్మికుల బాకీలు, ఉద్యోగుల జీతాలు, ఆ పైన తక్కిన అప్పులు, ప్రభుత్వ బాకీలు తీరాలి. మామూలు షేరుదారు చిట్టచివర. అక్కడిదాకా పైసా మిగలడం అరుదు.

మిత్రులారా! పది రూపాయల షేరు అయిదైతే పోయింది అయిదే అనుకోకండి. సగం పెట్టుబడి పోయింది. ధర తగ్గిందని మళ్లీ మళ్లీ కొనడం ఎండిన బోరు పక్కనే ఇంకో బోరు వేయడం లాంటిది. అలా ఎన్ని కుటుంబాలు అప్పులపాలయ్యాయో అనంతపురం వాళ్లకు వేరే చెప్పాలా? భూగర్భంలో నీరుందో లేదో చూడకుండా బోరు వేయకూడదు. అలాగే కంపెనీ అప్పెంత, ఏటా వడ్డీ ఎంత, యజమానులు తమ షేర్లను కుదువ పెట్టారా అని చూడకుండా షేరు కొనకూడదు. అప్పు, వడ్డీ లెక్కలు కంపెనీ వార్షిక నివేదికలోనే ఉంటాయి. ఇక స్కాలర్‌షిప్పు డబ్బు, విత్తనాల కోసం ఇంట్లో దాచిన డబ్బు – వీటిని మాత్రం ఆ వైపు తీసుకుపోనే వద్దు.