ఫాబ్రికేషన్ షెడ్డులో లీన్ ఉత్పత్తి పద్ధతి

4.1 పరిచయం

పని ఎక్కడ ఆగుతోందో కనిపెట్టి, ఆ ఆలస్యాన్నీ వృథానూ తగ్గించడమే లీన్ పద్ధతి. జపానులోని టయోటా కర్మాగారాల్లో తైచి ఓనో ప్రభృతులు దీనిని రూపొందించారు. 1992లో లౌరీ కోస్కెలా ఈ ఆలోచనను నిర్మాణరంగానికి అన్వయించి చూపాడు.

4.2 ఆగిన పనికి లెక్క

మచిలీపట్నంలోని ఒక షెడ్డు దివిసీమలో కట్టే గోదాముకు ఉక్కు ట్రస్సులు చేస్తోందనుకుందాం. 24 ట్రస్సులు వివిధ దశల్లో ఉన్నాయి. రోజుకు 2 పూర్తవుతున్నాయి. లిటిల్ సూత్రం ప్రకారం:

సగటు వ్యవధి = చేతిలో ఉన్న పని ÷ రోజువారీ ఉత్పత్తి = 24 ÷ 2 = 12 రోజులు.

రోజుకు 2 చొప్పున పూర్తవుతూనే, చేతిలో ఉన్న పనిని 8 ట్రస్సులకు పరిమితం చేస్తే వ్యవధి 4 రోజులే. కొత్త యంత్రం అక్కర్లేదు. వెల్డరు ముందున్న వరుస నిండితే కటింగు ఆపాలి. ఆ మనిషి ఫిట్టింగుకు సాయపడాలి.

4.3 తీరప్రాంతంలో దీని ప్రాముఖ్యం

అప్పు తెచ్చి కొన్న ఉక్కు షెడ్డులో పడి ఉన్నన్నాళ్లూ వడ్డీ పెరుగుతుంది. పైగా ఉప్పుగాలికి తుప్పు త్వరగా పడుతుంది. బ్లాస్టింగుతో శుభ్రపరచిన ఉక్కుకు కొద్ది గంటల్లోనే ప్రైమరు వేయాలి. లేకుంటే మళ్లీ శుభ్రం చేయాలి. కాబట్టి ఆ పూట ప్రైమరు వేయగలిగినంతే బ్లాస్టింగు చేయండి.

మొదటి ముక్క రంధ్రాలను కొలిచాకే మిగిలినవి వేయాలి. పొరపాటు నాగాయలంకలో క్రేను ఎత్తినప్పుడు బయటపడితే అద్దె, కూలి దండుగ. అక్కడే గ్యాసుతో రంధ్రం పెద్దది చేస్తే బోల్టు అతుకు బలహీనమవుతుంది. 1977 నవంబరు 19 నాటి ఉప్పెనను చూసిన నేలపై పైకప్పు అతుకును తేలికగా తీసుకోరాదు.

4.4 పరిమితులు

లీన్ అంటే మనుషులను తగ్గించడం కాదు. ఉద్యోగం పోతుందన్న భయముంటే కార్మికుడు ఆలస్యాన్ని దాచిపెడతాడు. అప్పుడు ఈ పద్ధతి కాగితానికే పరిమితం. నిల్వలన్నీ వృథా అనుకోవడమూ పొరపాటే: తుపానుల కాలంలో రోడ్లు మూసుకుపోవచ్చు కనుక ఆక్సిజన్ సిలిండర్లు అదనంగా ఉంచుకోవాలి.

2023 మార్చిలో కేంద్రం పునఃప్రారంభించిన ఎం.ఎస్.ఎం.ఇ. లీన్ పథకంలో సలహాదారుల ఖర్చులో 90 శాతం ప్రభుత్వం భరిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. గుడివాడలోని ఒక షెడ్డులో 18 ట్రస్సులు పనిలో ఉండి, రోజుకు 3 పూర్తవుతుంటే సగటు వ్యవధి ఎంత?
2. ఏ నిల్వ వృథా, ఏ నిల్వ అవసరం? ఒక్కొక్క ఉదాహరణతో వివరించండి.