జహీరాబాద్‌లో విత్తనాలకు ఊరేగింపు: ఏమిటీ పాత పంటల జాతర?

తెలంగాణలోని సంగారెడ్డి జిల్లా జహీరాబాద్ ప్రాంతంలో ఏటా సంక్రాంతి వేళ మొదలయ్యే పాత పంటల జాతరలో ఊరేగేవి విత్తనాలు. జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది తదితర విత్తనాలతో అలంకరించిన ఎడ్లబండ్లు డప్పుల మోత, కోలాటాలు, పాటల నడుమ సుమారు నెల రోజులు ఊరూరా తిరుగుతాయి. 1983లో ఏర్పడిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన మహిళా సంఘాలు దీనికి ఆధారం. సభ్యుల్లో అత్యధికులు దళిత సన్నకారు రైతులే.

చూసేవారికి ఇది వేడుక, రైతులకు అవసరం. గాదెలో దాచినంత మాత్రాన విత్తనం నిలవదు, ఎవరో ఒకరు మళ్లీ మళ్లీ విత్తుతూ ఉండాలి. చౌక బియ్యం ఇంటింటికీ చేరాక చిరుధాన్యాల సాగు తగ్గింది. దానితోపాటే విత్తనమూ చేజారసాగింది. బండి వచ్చిన రోజున ఏ రకం ఎవరివద్ద మిగిలి ఉందో ఊరంతటికీ తెలుస్తుంది. సంఘం విత్తన నిధి నుంచి తీసుకున్నవారు పంట చేతికొచ్చాక అంతకంటే ఎక్కువే కొలిచి ఇస్తారు.

జాతర కాలానికి నల్లరేగడి చేలలో శనగ, కుసుమ, అవిసె పైర్లు కనిపిస్తాయి. నీటి తడి లేకుండా మంచు తేమతోనే ఎదిగే వీటిని ఇక్కడివారు ‘సత్యం పంటలు’ అంటారు. చక్కని పేరు.

ఈ సంఘాల కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం ఈక్వేటర్ పురస్కారం లభించింది. సంస్థ సారథి పి.వి. సతీష్ 2023 మార్చిలో కన్నుమూశారు. మాచనూరులో 2008లో ప్రారంభమైన సంఘం రేడియోను నడిపిందీ ఈ ప్రాంత మహిళలే. సాగు ముచ్చట్లు, జానపద గీతాలు అందులో వారి యాసలోనే వినిపించాయి.