అక్కా... ఇదెట్ల పనిచేస్తాది?

ఎండాకాలం సెలవులొస్తే మైదుకూరులో పదో తరగతి పిల్లలు ఏం చేస్తారు? కొందరు నాన్నకు అంగట్లో సాయం చేస్తారు. కొందరు పసుపు కళ్లం కాడ కాపలా ఉంటారు. మిగిలినవాళ్లకు టీవీ, సెల్‌ఫోనే లోకం. అమెరికాలోని శాన్‌ఫ్రాన్సిస్కోలో మాత్రం కొంతమంది హైస్కూలు పిల్లలు సైన్సు మ్యూజియంలో పని చేస్తారు. అదీ జీతం తీసుకుని మరీ!

ఆ మ్యూజియం పేరు ఎక్స్‌ప్లోరేటోరియం. 1969లో ఫ్రాంక్ ఓపెన్‌హైమర్ దాన్ని ప్రారంభించాడు. అణుబాంబు తయారీకి సారథ్యం వహించిన రాబర్ట్ ఓపెన్‌హైమర్‌కు స్వయానా తమ్ముడు. రాజకీయ కారణాలతో 1949లో యూనివర్సిటీ ఉద్యోగం పోతే పశువులను మేపుకొని బతికాడు. తర్వాత కొలరాడోలోని ఓ పల్లెటూరి హైస్కూల్లో సైన్సు పాఠాలు చెప్పాడు. చేత్తో పట్టుకుని చూస్తేనే పిల్లలకు సైన్సు ఒంటబడుతుందని అక్కడే గ్రహించాడు. అందుకే ఆయన మ్యూజియంలో 'ముట్టుకోరాదు' అన్న బోర్డులుండవు. మ్యూజియంలో ఎవరూ ఫెయిలవరు అనేవాడాయన.

మార్కులు కాదు... ఆసక్తి!

అక్కడ సందర్శకులకు వివరించే పిల్లల్ని 'ఎక్స్‌ప్లెయినర్లు' అంటారు. క్లాసు ఫస్టు వచ్చినవాళ్లనే తీసుకోవాలన్న పట్టింపు లేదు. రకరకాల కుటుంబాల నుంచి, చదువులో వెనకబడినవాళ్లను కూడా తీసుకుంటారు. ముందు శిక్షణ ఇస్తారు. ఆ తర్వాత సందర్శకుల మధ్యకు పంపిస్తారు. ఉపన్యాసం దంచడం కాదు వాళ్ల పని... ఎదుటివాళ్లతో ప్రశ్న వేయించడం. ఆవు కన్నును కోసి చూపించడం వీళ్ల పనుల్లో బాగా పేరున్నది. లోపలి కటకాన్ని తీసి న్యూస్‌పేపరు మీద పెడితే అక్షరాలు పెద్దవిగా కనిపిస్తాయి. 'మన కంట్లోనూ ఇట్లాంటిదే ఉంది' అంటే, చూసేవాళ్లు నోరెళ్లబెట్టాల్సిందే!

ప్రొఫెసర్లుండగా పిల్లలెందుకు? నిన్నగాక మొన్న నేర్చుకున్నవాడికి తాను ఎక్కడ తడబడ్డాడో గుర్తుంటుంది. వాడిని అడగడానికి ఎదుటివాళ్లకూ బెరుకుండదు. అన్నిటికన్నా ముఖ్యం... చెప్పేవాడే ఎక్కువ నేర్చుకుంటాడు. అక్కడ పనిచేసి వెళ్లినవాళ్ల మీద జరిపిన ఒక అధ్యయనం 1987లో వెలువడింది. సైన్సు మీద ఆసక్తి, నలుగురితో మాట్లాడగల ధైర్యం వాళ్లలో ఏళ్ల తరబడి నిలిచాయని తేలింది. న్యూయార్క్ హాల్ ఆఫ్ సైన్స్ కూడా 1986 నుంచి ఇదే బాట పట్టింది.

మన దగ్గరా వీలుందా?

తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం 1993 నుంచీ ఉంది. హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో మన గోదావరి లోయలో దొరికిన కోటసారస్ రాక్షసబల్లి అస్థిపంజరం ఉంది. తిరుమల కొండెక్కే కుటుంబాలు ఒక పూట ఆ విజ్ఞాన కేంద్రానికీ కేటాయించవచ్చు. చట్టం సంగతా? 14 ఏళ్లు నిండనివాళ్లను కొలువులో పెట్టుకోకూడదు. 18 లోపు పిల్లలతో ప్రమాదకరమైన పనులు చేయించకూడదు. రాత్రి 7 నుంచి ఉదయం 8 వరకు అసలు పనే చెప్పకూడదు. పగటిపూట రెండు మూడు గంటలు సందర్శకులకు సైన్సు వివరించడానికి ఇవేవీ అడ్డు కావు.

అందాకా ఆగాల్సిన పనీ లేదు. కడప జిల్లా నేలే ఒక మ్యూజియం. ఇక్కడి రాళ్లలో పాతవి 180 కోట్ల ఏళ్లు దాటినవి. వేంపల్లె దగ్గరి రాళ్లలో ఆనాటి సూక్ష్మజీవులు పొరలు పొరలుగా కట్టిన గుర్తులు ఇప్పటికీ కనిపిస్తాయి. స్కూలు సైన్స్ ఫెయిర్‌లో అలాంటి రాయి ఒకటి బల్ల మీద పెట్టి, పక్కన ఒక పిల్లనో పిల్లాడినో నిలబెడితే చాలు.

మార్కులు బాగానే వచ్చినా ఇంటర్వ్యూలో గొంతు పెగలక వెనుదిరిగే పిల్లలు మన ఊళ్లలో ఎందరో. చిన్నపిల్లలు చుట్టూ మూగి 'అక్కా, ఇదెట్ల పనిచేస్తాది?' అని అడిగితే, తడుముకుంటూనైనా జవాబు చెప్పిన అమ్మాయికి రేపు ఏ బోర్డు ముందైనా మాట తడబడదు. ఆ అవకాశం ఇవ్వాల్సింది పెద్దలే!