పేరు దొరికితే మనిషి దొరికినట్టే

‘‘మా తాతకి ఒక అన్న ఉండేవాడట. పటాలంలో చేరి బస్రా వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.’’ కథ ఇక్కడితో ఆగిపోయే ఇళ్ళు మన దగ్గర ఇంకా ఉన్నాయి. ఎక్కడ పోయాడు, ఏ రోజు పోయాడు అని అడిగితే పెద్దవాళ్ళ దగ్గర జవాబు ఉండదు. మొదటి ప్రపంచ యుద్ధంలో సుమారు 74 వేల మంది, రెండో యుద్ధంలో సుమారు 87 వేల మంది భారత సైనికులు ప్రాణాలు విడిచారు. వాళ్ళలో చాలామంది పేర్లు ఏదో ఒక రాతి మీదో, ఏదో ఒక పుస్తకంలోనో ఉన్నాయి. వాటిని వెతుక్కుంటూ పోతే ఎదురయ్యే విశేషాలు ఇవి.

17 లక్షల పేర్లకు ఒకే కాపలాదారు

యుద్ధంలో పోయినవాళ్ళ సమాధుల లెక్క రాయాలన్న పట్టుదల ఫేబియన్ వేర్ అనే ఆంగ్లేయుడిది. ఆయన చొరవతోనే 1917 మే 21న వార్ గ్రేవ్స్ కమిషన్ పుట్టింది. ఇప్పుడు దాని పేరు కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్. రెండు ప్రపంచ యుద్ధాల్లో మరణించిన సుమారు 17 లక్షల మంది స్మృతిని 150కి పైగా దేశాల్లో కాపాడుతోంది. ఆ సంస్థ వెబ్‌సైట్‌లో పేరు, పటాలం, మరణించిన సంవత్సరం ఇచ్చి ఎవరైనా ఉచితంగా వెతకవచ్చు. తెలుగు ఇళ్ళవాళ్ళు కూడా వెతుకులాట మొదలుపెట్టవలసింది ఇక్కడే.

సమాధి లేదని నిరాశపడకండి

హిందూ, సిక్కు సైనికుల్ని వీలైనంతవరకు దహనం చేశారు. అందుకని చాలామందికి సమాధి రాయి ఉండదు, పేరు స్మారక ఫలకం మీద ఉంటుంది. కోహిమా యుద్ధ శ్మశానంలో 1,420 సమాధులుంటే, అక్కడే దహనమైన 917 మంది హిందూ, సిక్కు సైనికుల కోసం విడిగా ఒక స్మారకం కట్టారు. బర్మాలో పోయి సమాధి దొరకని సుమారు 27 వేల మంది పేర్లు రంగూన్ దగ్గరి టౌక్యాన్‌లో ఉన్నాయి. సింగపూర్ క్రాంజి స్మారకం మీద 24 వేలకు పైగా పేర్లున్నాయి.

ఇండియా గేట్ మీద అందరూ లేరు

ఇండియా గేట్‌ని మొదటి ప్రపంచ యుద్ధంలో పోయిన భారతీయులందరికీ అంకితం చేశారు. 1921లో పునాది వేసి, 1931లో ప్రారంభించారు. దాని మీద చెక్కిన పేర్లు మాత్రం 13 వేల పైచిలుకే. వాయవ్య సరిహద్దులోనూ, 1919 నాటి అఫ్గాన్ యుద్ధంలోనూ పోయినవాళ్ళ పేర్లే వాటిలో ఎక్కువ. ఫ్రాన్స్‌లో కన్నుమూసిన వాళ్ళ కోసం నవ్ షాపెల్ స్మారకం చూడాలి. సమాధి తెలియని 4,700 మందికి పైగా భారత సైనికులు, కూలీల స్మృతి అక్కడుంది. మీ తాత ఏ దేశంలో పోయాడో తెలిస్తే ఏ గోడ దగ్గర నిలబడాలో తెలుస్తుంది.

బస్రా గోడ మీద పేర్లకు బదులు అంకెలు

మెసొపొటేమియాలో, అంటే నేటి ఇరాక్‌లో, మరణించి సమాధి దొరకని 40 వేల మందికి పైగా సైనికుల కోసం కట్టింది బస్రా స్మారకం. బ్రిటిష్ సైనికుల పేర్లు రాతి మీద చెక్కారు. భారతీయుల్లో అధికారుల పేర్లు మాత్రం చెక్కి, మామూలు సిపాయిల్ని ఏ పటాలంలో ఎంతమంది పోయారో ఆ అంకెతో సరిపెట్టారు. ఈ పక్షపాతం మీద కమిషన్ స్వయంగా విచారణ జరిపించుకుంది. 2021 ఏప్రిల్‌లో వచ్చిన ఆ నివేదిక ప్రకారం, ఆసియా, ఆఫ్రికా ఖండాలకు చెందిన 45 వేల నుంచి 54 వేల మందికి సమానమైన స్మారకం దక్కలేదు. మరో 1,16,000 మందికి, బహుశా అంతకన్నా ఎక్కువమందికే, పేరుతో గుర్తింపు గానీ అసలు గుర్తింపే గానీ లేకపోయింది. బ్రిటన్ రక్షణ మంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. రాతి మీద లేకపోయినా, బస్రాలో పోయిన మన సిపాయిల పేర్ల కోసం ఇప్పుడు కమిషన్ వెబ్‌సైట్‌లో వెతకవచ్చు.

పతకం అంచు తిప్పి చూడండి

ట్రంకు పెట్టె అడుగున తాతగారి పతకం ఉంటే దాని ముఖం మీది రాజుగారి బొమ్మ చూసి ఊరుకోకండి. వెలుతురులో నిలబెట్టి, భూతద్దం పట్టుకుని అంచు చుట్టూ మెల్లగా తిప్పండి. రూపాయి బిళ్ళకు గరుకు గీతలుండే చోట సన్నని ఇంగ్లీషు అక్షరాలు కనబడతాయి. నంబరు, హోదా, పేరు, పటాలం అన్నీ ఆ ఒక్క వరుసలోనే ఉంటాయి. వెతుకులాటకు కావలసిన ఆధారమంతా అక్కడుంది. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైనికులకిచ్చిన పతకాల మీద పేర్లు వేయలేదు, మన సైనికుల వాటి మీద వేశారు. ఇంకో సంగతి. మొదటి యుద్ధం నాటి బ్రిటిష్ వార్ మెడల్ సాధారణంగా వెండిది. మీ ఇంట్లో ఉన్నది కంచుదైతే ఆయన కూలీ దళంలో పనిచేసి ఉండవచ్చు. పాలిష్ పెట్టి గట్టిగా రుద్దకండి, అక్షరాలు అరిగిపోతాయి.

తుపాకీ పట్టనివాళ్ళూ లెక్కలో ఉన్నారు

మొదటి యుద్ధంలో ఇక్కడి నుంచి సైన్యంలో చేరిన సుమారు 14 లక్షల మందిలో ఐదున్నర లక్షలకు పైగా యుద్ధం చేసేవాళ్ళు కారు. కంచర గాడిదలు తోలినవాళ్ళు, వంటవాళ్ళు, నీళ్ళు మోసినవాళ్ళు, చాకలివాళ్ళు, మోత కూలీలు. రికార్డుల్లో వీళ్ళని ఫాలోయర్లు అన్నారు. ‘‘మావాడు సిపాయి కాదుగా’’ అని వెతకడం మానేయకండి. వీళ్ళలో పోయినవాళ్ళూ యుద్ధంలో పోయినవాళ్ళే.

శ్రీకాకుళం అని వెతికితే దొరకదు

రెండో యుద్ధం నాటి కమిషన్ నమోదుల్లో చాలాసార్లు తండ్రి పేరు, భార్య పేరు, ఊరు, జిల్లా ఉంటాయి. అయితే అవి ఆనాటి జిల్లాలు. శ్రీకాకుళాన్ని అప్పట్లో చికాకోల్ అని రాసేవారు. 1936లో ఒరిస్సా ఏర్పడేదాకా అది గంజాం జిల్లాలో, ఆ తర్వాత విశాఖపట్నం జిల్లాలో ఉండి, 1950లో సొంత జిల్లా అయింది. విశాఖపట్నం వైజాగపటం అని, విజయవాడ బెజవాడ అని కనబడతాయి. తూర్పు గోదావరి, పశ్చిమ గోదావరి అన్న జిల్లా పేర్లు వచ్చింది 1925లో. ఒంగోలు 1970 వరకు గుంటూరు జిల్లాలోదే.

పేర్ల తంటా ఇంతకన్నా పెద్దది. ఒకే అప్పలస్వామిని ఒక గుమాస్తా అప్పలసామి అని, ఇంకొకరు ఉత్త అప్పల అని రాసి ఉండవచ్చు. ఇంటిపేరు చాలాచోట్ల ఉండదు. ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా రాయవచ్చో అన్ని రకాలుగానూ వెతకాలి. తండ్రి పేరు, ఊరు కలిశాయంటే మనవాడేనని నమ్మకం కుదురుతుంది.

హైదరాబాద్ పటాలం కుమావూ పటాలమైంది

రికార్డులో హైదరాబాద్ రెజిమెంట్ అని ఉన్నంత మాత్రాన మనిషిది హైదరాబాద్ కానక్కరలేదు. 1922లో 19వ హైదరాబాద్ రెజిమెంట్ అని పేరు పెట్టుకున్న దళంలో కుమావూ వాళ్ళు, జాట్లు, అహీర్లు ఎక్కువగా ఉండేవారు. 1945లో అదే కుమావూ రెజిమెంట్ అయింది. చైనా యుద్ధంలో 1962 నవంబర్ 18న లద్దాఖ్‌లోని రెజాంగ్ లా దగ్గర నేలకొరిగిన 110 మందికి పైగా జవాన్లు ఆ రెజిమెంట్ 13వ బెటాలియన్ వాళ్ళే. కొన్ని నెలల తర్వాత ఒక గొర్రెల కాపరి కంటబడేదాకా వాళ్ళ దేహాలు మంచులోనే ఉన్నాయి. పటాలాల పేర్లు, నంబర్లు మారుతూ వచ్చాయి. పాత పేరు ఇప్పుడు ఏ పేరులో ఉందో తెలుసుకోకపోతే వెతుకులాట దారి తప్పుతుంది.

తీన్‌మూర్తిలో ఒక మూర్తి హైదరాబాద్‌ది

ఢిల్లీ తీన్‌మూర్తి చౌక్‌లోని మూడు విగ్రహాలు హైదరాబాద్, జోధ్‌పూర్, మైసూరు సంస్థానాల అశ్వికదళాల గుర్తులు. 1918 సెప్టెంబర్ 23న హైఫా నగరాన్ని గెలుచుకున్న బ్రిగేడ్ ఈ మూడింటిదీ. 2018లో ఆ కూడలిని తీన్‌మూర్తి హైఫా చౌక్ అన్నారు. మీ పూర్వీకులు నిజాం ఫౌజులో పనిచేసి ఉంటే హైదరాబాద్ తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌ని అడగాలి. నిజాం సంస్థానం రికార్డులు అక్కడున్నాయి.

95 ఏళ్ళు ఆగిన 53 పేర్లు

మొదటి యుద్ధంలో గాయపడిన భారత సైనికులకు ఇంగ్లండ్‌లోని బ్రైటన్ రాజభవనాన్నే ఆస్పత్రిగా మార్చి వైద్యం చేశారు. అక్కడ కన్నుమూసిన హిందూ, సిక్కు సైనికుల్ని ఊరి బయట కొండల మీద దహనం చేశారు. ఆ చోట 1921లో తెల్లని పాలరాతి ఛత్రి కట్టారు కానీ దాని మీద ఎవరి పేరూ లేదు. వాళ్ళు 53 మంది. వాళ్ళ పేర్లు చెక్కిన ఫలకం ఛత్రి పక్కన వెలిసింది 2010లో.

మనిషి పోయినా గొంతు మిగిలింది

మొదటి యుద్ధంలో జర్మనీకి బందీలుగా చిక్కిన భారత సైనికుల్ని బెర్లిన్ దగ్గర వున్స్‌డోర్ఫ్‌లోని హాఫ్‌మూన్ శిబిరంలో ఉంచారు. భాషా పరిశోధకులు వచ్చి వాళ్ళలో కొందరి చేత సొంత భాషల్లో కథలు, పాటలు చెప్పించి గ్రామఫోన్ ప్లేట్ల మీద ఎక్కించారు. ఆ ప్లేట్లు బెర్లిన్ హుంబోల్ట్ విశ్వవిద్యాలయం సేకరణలో నేటికీ ఉన్నాయి. ఆ శిబిరం దగ్గరే జెహ్రెన్స్‌డోర్ఫ్ శ్మశానంలో 206 మంది భారతీయుల స్మృతి ఉంది. యుద్ధ ఖైదీల కోసం జెనీవాలో రెడ్‌క్రాస్ రాసుకున్న లక్షలాది కార్డుల్ని 2014 నుంచి ఇంటర్నెట్‌లో చూడవచ్చు.

కొడుకు సమాధి కోసం వెతికిన రచయిత

బొంబాయిలో పుట్టిన రడ్‌యార్డ్ కిప్లింగ్ కొడుకు జాన్ 1915లో ఫ్రాన్స్‌లో లూస్ యుద్ధంలో గల్లంతయ్యాడు. పేరు తెలియని సైనికుల సమాధుల మీద చెక్కే మాట, వీరెవరో దేవుడికే ఎరుక అన్న అర్థం వచ్చేది, రాసిచ్చింది ఆ తండ్రే. కొడుకు జాడ తెలియకుండానే 1936లో ఆయన చనిపోయాడు. ఫలానా సమాధి జాన్‌దేనని కమిషన్ తేల్చింది 1992లో.

కాలిన కాగితాలు, దొరికిన కాగితాలు

1940 సెప్టెంబర్‌లో లండన్ మీద పడ్డ బాంబులకు మొదటి యుద్ధం నాటి బ్రిటిష్ సైనికుల సర్వీసు పత్రాల్లో సగానికి పైగా కాలిపోయాయి. 1973 జులైలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జరిగిన అగ్నిప్రమాదంలో ఒక కోటీ 60 లక్షలకు పైగా సైనికుల ఫైళ్ళు బూడిదయ్యాయి. లాహోర్ మ్యూజియంలో మాత్రం దీనికి విరుద్ధంగా జరిగింది. అక్కడ 97 ఏళ్ళు మూటగట్టి ఉన్న రిజిస్టర్లలో 3,20,000 మంది పంజాబీ సైనికుల వివరాలు దొరికాయి. 2021 నవంబర్‌లో వాటిని ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలైంది. కాగితం అదృష్టాన్ని నమ్ముకోకుండా మీ ఇంట్లోని పెన్షన్ పుస్తకం, ఉత్తరాలు, ఫొటోలు ఈ రోజే ఫొటో తీసి నలుగురు బంధువుల దగ్గర ఉంచండి.

మంచు తిరిగిచ్చినవాళ్ళు

1984లో సియాచిన్‌లో మంచు చరియ కిందపడి గల్లంతైన ఒక జవాను దేహం 2022 ఆగస్టులో, 38 ఏళ్ళకు దొరికింది. ఆర్మీ నంబరున్న లోహపు బిళ్ళ ఆయనెవరో చెప్పింది. 1968 ఫిబ్రవరి 7న 102 మందితో రోహ్‌తాంగ్ దగ్గర కూలిన వైమానిక దళ విమానం తాలూకు మరో నాలుగు దేహాలు 2024లో బయటపడ్డాయి. 56 ఏళ్ళ తర్వాత కూడా ఇంటికి కబురు రావచ్చు.

స్వాతంత్ర్యం తర్వాత పోయినవాళ్ళ కోసం

1947 తర్వాతి వీరుల పేర్లు ఢిల్లీలోని జాతీయ యుద్ధ స్మారకంలో ఉన్నాయి. 2019 ఫిబ్రవరి 25న ప్రారంభించేనాటికి త్యాగ చక్రం గోడల మీద 25,942 పేర్లు చెక్కారు. తర్వాత చేరినవాళ్ళలో గల్వాన్‌లో అమరుడైన సూర్యాపేట బిడ్డ కర్నల్ సంతోష్‌బాబు ఒకరు. ఏ పేరు ఎక్కడుందో చూపే తెరలు అక్కడున్నాయి. సర్వీసు వివరాల కోసం ఆయా రెజిమెంట్ రికార్డు ఆఫీసుకు రాయాలి. మద్రాస్ రెజిమెంట్‌ది నీలగిరిలోని వెల్లింగ్టన్, మద్రాస్ సాపర్లది బెంగళూరు. దారి తెలియకపోతే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయాన్ని అడగండి.

ఆయుధం తగిలి పోయినవాళ్ళకు ఒక తిథి

మన పంచాంగాల్లో భాద్రపద బహుళ చతుర్దశి దగ్గర శస్త్రహత మహాలయం అని రాసి ఉంటుంది. ఆయుధాల వల్ల ప్రాణాలు పోయినవాళ్ళకు పితృకర్మ చేసే రోజది. మరణించిన రోజు తెలియని ఇంటివాళ్ళకు తద్దినం పెట్టేందుకు తిథి ఉండదు. కమిషన్ నమోదులో మరణించిన తేదీ దొరికితే పాత పంచాంగంతో తిథి తెలుసుకోవచ్చు. వందేళ్ళ తర్వాత కూడా ఒక మనవడు పోయిన సిపాయి పేరు, గోత్రం చెప్పి నువ్వులూ నీళ్ళూ వదలగలడు.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని మిలిటరీ మాధవరం అంటారు. తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపిన ఊరది. అలాంటి ఊళ్ళలో ఎనభై, తొంభై ఏళ్ళ పెద్దలు ఉన్నంతవరకే ఎవరు ఎవరి కొడుకో, ఏ పేరుతో పటాలంలో చేరాడో చెప్పేవాళ్ళుంటారు. రికార్డులు రేపు కూడా ఉంటాయి, ఆ పెద్దలు ఉండరు. ఈ ఆదివారం మీ ఇంట్లో అందరికన్నా పెద్దవాళ్ళ దగ్గర కూర్చోండి. పోయినవారి పేరు, తండ్రి పేరు, ఊరు, పటాలం, ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకోండి. వెతకడం ఆ తర్వాత.