తీగకు తొడుగు వేస్తే ప్రమాదం తప్పినట్టేనా?

గాలివానకు చెట్టు కొమ్మ 11 కేవీ లైనుకు తగిలితే చాలు, సబ్‌స్టేషన్‌లో బ్రేకర్ ట్రిప్ అయి ఊళ్లకు ఊళ్లే చీకట్లో మునుగుతాయి. మన దేశంలో పల్లెల మీదుగా వెళ్లే ఈ లైన్లలో ఎక్కువ భాగం ఏ తొడుగూ లేని తీగలే. వాటి చుట్టూ ఉన్న గాలే వాటికి ఇన్సులేషన్. అందుకే తీగల్ని ఎడంగా కట్టాలి, పక్కనున్న చెట్లు కొట్టాలి. ఇరుకు వీధుల్లో, అడవుల్లో ఈ రెండూ కష్టమే. ఇందుకు పరిష్కారంగా చెబుతున్నదే ‘కవర్డ్ కండక్టర్’.

అల్యూమినియం తీగ మీద రెండు మూడు మిల్లీమీటర్ల మందాన ఎక్స్‌ఎల్‌పీఈ అనే ప్లాస్టిక్ తొడుగు ఉంటుంది. 1970లలో ఫిన్లాండ్ తన అడవుల్లోని 20 కేవీ లైన్ల కోసం ఈ పద్ధతిని అభివృద్ధి చేసుకుంది. గాలికి ఊగి రెండు తీగలు ఒకదానికొకటి తగిలినా షార్ట్ సర్క్యూట్ కాదు. కాబట్టి తీగల మధ్య ఎడాన్ని దాదాపు మూడో వంతుకు తగ్గించవచ్చు. లైనుకు తక్కువ స్థలం చాలు. చెట్టు వాలినా వెంటనే కరెంటు పోదు. కార్చిచ్చులకు భయపడి కాలిఫోర్నియాలో సదరన్ కాలిఫోర్నియా ఎడిసన్ సంస్థ 2018 నుంచి వేల కిలోమీటర్ల మేర ఇలాంటి తీగలు వేసింది.

అయితే ఈ తొడుగును కేబుల్ ఇన్సులేషన్ అనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. భూగర్భ కేబుల్లో ఇన్సులేషన్ పైన ఎర్త్ చేసిన లోహపు పొర ఉంటుంది. కవర్డ్ కండక్టర్‌కు అది లేదు. కొమ్మ కాసేపు ఆనుకుంటే తట్టుకోవడానికే తప్ప మనిషి ముట్టుకోవడానికి ఆ తొడుగు వేయలేదు. ఎండకు పగిలినా, కొమ్మల రాపిడికి అరిగినా అక్కడ రక్షణ లేనట్టే.

అసలు చిక్కు తీగ తెగి పడినప్పుడు వస్తుంది. తొడుగు లేని తీగ నేలను తాకితే చాలాసార్లు ఎక్కువ కరెంటు భూమిలోకి పారి బ్రేకర్ ట్రిప్ అవుతుంది. పొడి నేల మీద అప్పుడప్పుడు అలా జరగదు. అందుకే తెగిన తీగ తొక్కి పొలాల్లో రైతులు చనిపోతున్నారు. తొడుగు ఉన్న తీగలో నేలకు తగిలేది తెగిన కొస మాత్రమే. పారే కరెంటు మరీ తక్కువ కాబట్టి మామూలు రిలే దాన్ని పసిగట్టలేకపోవచ్చు. చూసేవాళ్లకు అది కరెంటు లేని కేబుల్ ముక్కలా కనిపిస్తుంది. తీగలు తెగడం తగ్గుతుంది, నిజమే. కానీ తెగిన ప్రతి తీగా మరింత గుట్టుగా చంపగలదు.

పిడుగు సంగతి ఇంకొకటి. తొడుగు లేని తీగ మీద పుట్టిన ఆర్క్ తీగ వెంట కదిలిపోతుంది. తొడుగుకు చిల్లు పడితే మాత్రం అక్కడే నిలబడి తీగను కరిగించేస్తుంది. అందుకే సర్జ్ అరెస్టర్లు, ఆర్క్ నుంచి కాపాడే పరికరాలు లేకుండా ఈ లైన్లు వేయకూడదు. మన దగ్గర వేసవి చివర్లో పిడుగులు ఎంతగా పడతాయో తెలిసిందే. ఆ ఖర్చును ముందే లెక్కలో వేసుకోవాలి.

వన్యప్రాణుల విషయంలోనూ దీని మేలుకు హద్దుంది. రెండు తీగల్ని ఒకేసారి తాకి చనిపోయే పక్షులకు తొడుగు ఉపయోగపడుతుంది. రాజస్థాన్‌లో బట్టమేక పక్షులు ఎక్కువగా చనిపోతున్నది తీగల్ని ఢీకొట్టి. తొడుగు వేసినంత మాత్రాన అది ఆగదు. 2014లో హుద్‌హుద్ తుపాను విశాఖలో చేసినట్టు స్తంభాలే కూలిపోతే తొడుగు ఏమీ చేయలేదు. పైగా తీగ లావెక్కి, బరువెక్కి గాలి తాకిడి పెరుగుతుంది. అక్కడ తర్వాత భూగర్భ కేబుళ్ల వైపు మొగ్గింది అందుకే.

భూగర్భ కేబుల్ కంటే ఇది చవక. చెట్లున్న చోట్ల మంచి మార్గమే. కానీ డిస్కంలు తీగతోపాటు తెగిన లైనును పసిగట్టే సున్నితమైన రిలేలు, పిడుగు రక్షణ కూడా కొనాలి. తొడుగు ఉన్నా కింద పడిన తీగ దగ్గరికి వెళ్లకూడదని ఊరూరా చెప్పాలి. టెండర్‌లో తీగ ధరే చూసి మిగతావి వదిలేస్తే ఆ లోటును ప్రాణాలతో పూడ్చేది పొలానికి వెళ్లే రైతు, స్తంభం ఎక్కే లైన్‌మన్.