ఊడిపోయే పన్నే గదా అనుకుంటే...

అర్ధరాత్రి నాలుగేళ్ళ పిల్ల చెంప పట్టుకొని ఏడుస్తుంది. తల్లి లవంగ నూనెలో తడిపిన దూది పెడుతుంది. నొప్పి కాస్త సర్దుకుంటుంది. తెల్లవారితే కూలికి పోవాలి. "పాలపన్నే గదా, ఎట్లాగూ ఊడిపోతుంది" అని ఆ సంగతి అంతటితో మరచిపోతారు. పల్లెల్లో చాలా ఇళ్ళలో జరిగేది ఇదే.

పాలపళ్ళు మొత్తం 20. ముందుపళ్ళు ఆరేడేళ్ళకు ఊడే మాట నిజమే. కాని వెనుక దవడపళ్ళు 10, 12 ఏళ్ళదాకా ఉండవలసినవి. నాలుగో ఏట పుచ్చిన పన్నుతో ఆ పిల్ల ఇంకా ఆరేడేళ్ళు అన్నం నమలాలి. పోనీ పీకించేస్తే, పక్క పళ్ళు ఖాళీలోకి జరిగి, తర్వాత వచ్చే అసలు పన్నుకు చోటుండదు. ఆరో ఏట ఏ పన్నూ ఊడకుండానే అన్నిటికన్న వెనుక ఒక పెద్ద దవడపన్ను వస్తుంది. దానినీ పాలపన్ను క్రిందే జమకట్టి వదిలేస్తారు. అది పోతే మళ్ళీ రాదు.

పురుగు లేదు

వాకుడు గింజల పొగ పట్టించి పంటి పురుగులు రాల్చే అలవాటు ఇంకా అక్కడక్కడ ఉంది. పంట్లో పురుగులనేవి లేవు. కంటికి కనపడని క్రిములు పంటికంటిన తీపిని తిని పులుపు తయారుచేస్తాయి. ఆ పులుపు పన్నును కరిగిస్తుంది. చక్కెర పాలసీసా నోట్లో పెట్టి నిద్రపుచ్చే పిల్లలకు ఇది మరీ త్వరగా వస్తుంది.

పుచ్చు పైపైన ఉంటే డాక్టర్లు దానిని తొలిచి సిమెంటు నింపుతారు. సూది, మరతో పని లేకుండా పుచ్చును ఆపే సిల్వర్ మందు కూడా ఉంది; పూసినచోట నల్లబడుతుంది, అంతే. నరందాకా పోతే లోపల శుభ్రంచేసి స్టీలు తొడుగు వేస్తారు. పీకక తప్పకపోతే, ఖాళీ మూసుకుపోకుండా తీగ అమర్చవచ్చు. హైదరాబాదు, విజయవాడ, కడపలలో ప్రభుత్వ దంత వైద్యశాలలున్నాయి.

చెంప వాచి జ్వరం వచ్చినా, నోరు తెరవలేకపోయినా, మింగలేకపోయినా మాత్రం తెల్లవారేదాకా ఆగరాదు. చీము లోపలికి పాకితే ప్రాణాపాయం. నొప్పి మాత్ర నూరి చిగురు మీద పెట్టడమూ తప్పే. అక్కడ కాలి పుండవుతుంది.

సూది వేయించాక రెండు మూడు గంటలు పెదవి మొద్దుబారి ఉంటుంది. పిల్లలు తెలియక దానిని కొరికేసుకుంటారు. తిమ్మిరి వదిలేదాకా తినడానికేమీ పెట్టక పక్కన కనిపెట్టి ఉండాలి.